ఆటలో అరటిపండుకి ఎన్ని గంటల కాపలా?

పోయిన వేసవిలో అక్కయ్య వాళ్లింట్లో ఉన్నాను. మధ్యాహ్నం మూడింటికి మేనల్లుడు సోఫాలో బోర్లా పడుకుని, ఫోన్‌లో ఐదుగురితో ఐదుగురు తలపడే ఆటేదో ఆడుతున్నాడు. గేటు దగ్గర గ్యాస్ బండి ఆగింది. సిలిండర్ భుజాన మోసుకొచ్చినతను గుమ్మంలో దింపి "ఓటీపీ చెప్పండి" అన్నాడు. కనెక్షన్ అక్కయ్య పేరు మీదే గానీ ఫోన్ నెంబరు వాడిది. వాడు ఆట వదిలి, మెసేజీల్లోకెళ్లి నాలుగంకెలు వెతికి చెప్పి, ఖాళీ సిలిండర్ బయటికి దొర్లించి, సీలు చూసుకుని, డబ్బులిచ్చి వచ్చేసరికి మూడున్నర నిమిషాలైంది. ఆలోగా వాడి వీరుడు కోట పక్కన దిష్టిబొమ్మలా నిలబడి రెండుసార్లు చచ్చి లేచాడు. జట్టులో ఎవరో హిందీలో తిట్లు టైపు చేస్తున్నారు. ఆట పోయింది. దానికి తోడు ఒక హెచ్చరిక, కొన్ని నిమిషాలు ఆడకుండా నిషేధం.

"మామయ్యా, గ్యాస్ తీసుకోవడం తప్పా?" అన్నాడు.

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత కాగితం తీసి లెక్కలు వేస్తే, వాడి ప్రశ్నలో రెండు మూడు వేరువేరు ప్రశ్నలున్నాయని తేలింది. ఆటలో ఉండీ ఆడనివాణ్ని గేమర్లు 'ఏఎఫ్‌కే' అంటారు. సిలిండర్ కోసం లేచినవాడు, రాత్రి నిద్రపోయినవాడు, ఊరికే నిలబడి బహుమతులు ఏరుకునేవాడు అందరూ చూసేవాళ్లకు ఒకేలా కనిపిస్తారు. నిబంధన రాసేవాళ్లకు తలనొప్పి అక్కడే మొదలు.

మన వీధి ఆటల్లో దీనికో పాత ఏర్పాటుంది. పెద్దపిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటే, నేనూ వస్తానని ఏడ్చే చంటివాణ్ని 'ఆటలో అరటిపండు' చేస్తారు. వాడూ పరిగెత్తొచ్చు, దాక్కోవచ్చు. దొరికినా అవుట్ కాడు, దొంగ కాడు. చివరిదాకా దొరక్కపోయినా వాడు గెలిచాడని ఎవరూ అనరు. ఓటమి నుంచి రక్షణ ఎంతో, గెలుపులో వాటా లేకపోవడమూ అంతే. ఆన్‌లైన్ ఆటల నిబంధనల్లో నిలదొక్కుకున్నవి ఈ రెంటినీ ముడివేసే ఉంచాయని నాకనిపిస్తుంది. ముడి విప్పిన చోటల్లా ఎవరో ఒకరు దాన్ని వాడుకున్నారు.

24లో 21

రోజుకు 3 గంటలు ఆడే కుర్రాణ్ని ఇంట్లో "ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా" అంటారు. అయినా వాడు ఆటలో లేని సమయం 21 గంటలు. అంటే 87.5 శాతం. చదువూ ఉద్యోగమూ మానేసి 10 గంటలు ఆడేవాడు కూడా రోజులో 58 శాతం లేనట్టే. మ్యాచ్ అయిపోగానే అంతా చెరిగిపోయే ఆటల్లో దీంతో పనిలేదు. మనం లేకపోయినా మన ఊరు, మన గోడ, మన ఓడ అక్కడే ఉండిపోయే ఆటల్లో మాత్రం ఇదే అసలు సంగతి. ఆడకుండా ఉన్నవాళ్లను కాపాడాలా అంటే, ఎవరో కొద్దిమంది బద్ధకస్తుల గొడవ అనుకోవడానికి లేదు. ప్రతి ఆటగాడూ రోజులో ఎక్కువ భాగం ఆ కోవలోకే వస్తాడు.

పైగా అందరికీ ఒకేసారి చీకటి పడదు. హైదరాబాదులో రాత్రి 2 గంటలైతే, ఎండాకాలంలో న్యూయార్క్‌లో ముందురోజు సాయంత్రం 4:30. ఇక్కడివాడు గాఢనిద్రలో ఉండగా అక్కడివాడు బడి నుంచి వచ్చి ఫోన్ తీస్తాడు.

హెల్సింకీలోని సూపర్‌సెల్ 2012లో వదిలిన క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో ఈ చిక్కుకి మొదట్లో దొరికిన జవాబు తేలికైనది. ఆన్‌లైన్‌లో ఉన్నవాడి ఊరి మీద దాడి కుదరదు. ఫలితం ఊహించొచ్చు. ఫోన్ ఛార్జర్‌కి తగిలించి, తెర ఆరిపోకుండా అప్పుడప్పుడూ వేలితో తడుతూ కూర్చునేవాళ్లు తయారయ్యారు. ఆడకుండా, ఆడుతున్నట్టు ఉండటం లాభసాటి అయింది.

2015 డిసెంబరు మార్పులతో ఆ దారి మూసుకుపోయింది. ఆ మార్పుల్లోని అంకెలు ఓపిగ్గా చూడదగ్గవి. శత్రువు దాడిలో ఊరు 30 శాతం కూలితే 12 గంటల షీల్డ్, అంటే అంతసేపు ఇంకెవరూ దాడి చేయలేరు. 60 శాతం కూలితే 14 గంటలు, 90 శాతం కూలితే 16 గంటలు. నష్టం మూడింతలు పెరిగితే కాపలా పెరిగింది మూడోవంతే. ఊరికే పడుకున్నందుకు షీల్డ్ రాదు, దెబ్బ తిన్నందుకు వస్తుంది. ఒక దెబ్బ ఎలాగూ తప్పదు, ఒకే రాత్రి పదిమంది వచ్చి ఊడ్చుకుపోవడం మాత్రం తప్పుతుంది. 16 గంటలంటే ఒక నిద్ర, ఒక ఆఫీసు, మధ్యలో ప్రయాణం.

షీల్డ్ ఉండగా తనే వెళ్లి ఇంకొకరి ఊరి మీద పడితే? అంతకుముందు షీల్డ్ మొత్తం పోయేది. కొత్త లెక్కలో మొదటి దాడికి 3 గంటలు కోత, రెండోదానికి 4, మూడోదానికి 5. కూడితే 12. అంటే చిన్న షీల్డ్ సరిగ్గా మూడు దాడులతో హరించుకుపోతుంది. అరటిపండుగా ఉన్నంతసేపే రక్షణ, చెయ్యి చేసుకుంటే నువ్వూ ఆటగాడివే అని మూడు అంకెల్లో చెప్పడం నాకు భలే నచ్చింది.

డబ్బుతోనూ దొరికే జెమ్స్ పెట్టి కొనుక్కునే షీల్డులూ ఉండేవి. చాలాకాలం నడిచిన ధర ప్రకారం 7 రోజులకు 250 జెమ్స్, మళ్లీ అదే కొనాలంటే 35 రోజులు ఆగాలి. డబ్బున్నవాడు కూడా ఆ షీల్డుతో అయిదింట ఒక వంతు కాలమే గోడచాటున ఉండగలడు.

నిద్రపోయినవాడి గోడ

దీనికి పూర్తిగా ఎదురు చివర రస్ట్ ఉంది. బ్రిటన్‌లోని ఫేస్‌పంచ్ స్టూడియోస్ 2013 డిసెంబరులో తొలిరూపం, 2018 ఫిబ్రవరిలో పూర్తిరూపం విడుదల చేసింది. ఇందులో లాగౌట్ అయితే మనిషి మాయమవడు. ఎక్కడ లాగౌట్ అయ్యాడో అక్కడే నేలమీద పడుకుని నిద్రపోతుంటాడు. తలుపు బద్దలుకొట్టుకుని వచ్చినవాడు ఆ నిద్రలోనే చంపొచ్చు, జేబులు ఖాళీ చేయొచ్చు. షీల్డ్ లేదు, గంటల లెక్క లేదు.

మరి రక్షణే లేదా అంటే, ఉంది. అది గడియారంలో కాకుండా ఖర్చులో ఉంది. ఒక రాతి గోడకు 300 రాయి కావాలి. ఒక్క రాతిబండ కొడితే 1000 దాకా వస్తుంది. అంటే గోడకు పట్టేది బండలో మూడోవంతు కూడా కాదు. ఆ గోడ బలం 500. దాన్ని పడగొట్టాలంటే రెండు సీ4 బాంబులు పెట్టాలి. ఒక్కో సీ4 తయారీకి 2200 గంధకం ఖర్చవుతుంది. రెంటికీ 4400. ఒక గంధకపు బండలో దొరికేది 300. భాగిస్తే 14.7, అంటే 15 బండలు కొట్టాలి, కొలిమిలో కరిగించాలి, మందు కలపాలి. బండల లెక్కన చూస్తే కట్టినవాడి కష్టానికి పగలగొట్టేవాడి కష్టం దాదాపు 50 రెట్లు. కాపలాదారు లేని ఇంటికి ఇదే కాపలా.

50 రెట్లంటే చాలా అనిపిస్తుంది గానీ, దొంగకు రాత్రంతా సమయముంది. వాడికి అడ్డొచ్చేవాడూ లేడు. ఒంటరిగా ఆడేవాడికీ గుంపుగా ఆడేవాళ్లకూ ఇక్కడ తేడా వస్తుంది. రోజుకు 4 గంటలు ఆడే ఒంటరివాడి ఇల్లు 83 శాతం సమయం కాపలా లేకుండా ఉంటుంది. అదే 4 గంటల చొప్పున ఎవరికి తోచినప్పుడు వాళ్లు వచ్చే ఎనిమిదిమంది గుంపైతే, ఒక్కరూ లేని సమయం 23 శాతానికి పడిపోతుంది. ఎనిమిదిమందీ ఒకే ఊరివాళ్లయి ఒకేసారి పడుకుంటే ఈ లెక్క చెడుతుంది. విజయవాడ కుర్రాళ్లు డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుకుని ఊరికే ఆటలోకి పిలవరు మరి.

రస్ట్‌లో ఇంకో మెలికుంది. ఇంటి టూల్ కబ్బర్డ్‌లో మరమ్మతు సామాను నింపి ఉంచాలి. అది అయిపోతే గోడలు వాటంతటవే శిథిలమవుతాయి. నెలలపాటు రానివాడి కోటను ఎవరూ కూల్చనక్కర్లేదు.

ఆర్క్ అనే డైనోసార్ల ఆటలో, ఆడేవాళ్లు లేనప్పుడు వాళ్ల కోట మీద దాడిని అడ్డుకునే ఏర్పాటుంది. పెట్టాలో వద్దో సర్వర్ నడిపేవాళ్ల ఇష్టం. అది పెట్టినవాళ్లు రెండో మీట కూడా తిప్పాల్సి వస్తుంది. లాగౌట్ అయిన ఎన్ని సెకన్లకు రక్షణ మొదలవ్వాలి? సున్నా పెడితే, శత్రువు గోడ దగ్గరికి రాగానే అందరూ ఒక్కసారి లాగౌట్ అయిపోతారు. కోట ఇనుపకోట అయిపోతుంది. ఐస్‌లాండ్ కంపెనీ సీసీపీ 2003 నుంచి నడుపుతున్న ఈవ్ ఆన్‌లైన్‌లోనూ ఇదే భయంతో, ఇంకో ఆటగాడితో కాల్పుల్లో ఉండగా వైరు పీకేసినా ఓడ 15 నిమిషాలు అంతరిక్షంలోనే ఉంటుంది. కరెంటు పోయినవాడికీ అదే గతి. దగా చేసినవాడికీ కరెంటు పోయినవాడికీ తేడా సర్వర్‌కి తెలియదు.

వీటన్నిటికంటే పాతదీ, నా ఉద్దేశంలో న్యాయమైనదీ జర్మనీ బ్రౌజర్ ఆట ఓగేమ్‌ది. 2002లో మొదలైంది. ఊరెళ్లేవాడు 'వెకేషన్ మోడ్' నొక్కి వెళ్లాలి. కనీసం 48 గంటలు అందులో ఉండాలి. ఓడలు దారిలో ఉంటే నొక్కడానికి వీల్లేదు. ఆ కాలంలో ఎవరూ దాడి చేయలేరు, గనుల్లో ఉత్పత్తి సున్నా. అచ్చమైన అరటిపండు. నొక్కకుండా మాయమైతే 7 రోజులకు పేరు పక్కన చిన్న 'ఐ' అక్షరం పడుతుంది. అప్పట్నుంచి, బలవంతులు మీద పడకుండా చిన్న ఆటగాళ్లకుండే రక్షణ పోతుంది. ఒక గ్రహం మీద 24 గంటల్లో 6 దాడులకు మించకూడదన్న హద్దు కూడా వాడికి వర్తించదు. ఊరంతా వచ్చి దోచుకోవచ్చు. ఆసుపత్రిలో చేరినవాడు వెకేషన్ మోడ్ నొక్కి చేరడు కదా అంటే నిజమే. ఏడు రోజుల గడువు ఆ లోటును సగమే పూడ్చింది.

పడుకున్నవాడికి ఎదురు బహుమతి ఇచ్చిన ఆట కూడా ఉంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో సత్రంలో లాగౌట్ అయితే, 8 గంటలకు ఒక లెవెల్‌లో 5 శాతం చొప్పున విశ్రాంతి జమ అవుతుంది. గరిష్ఠం లెవెలున్నర. అది నిండాలంటే 240 గంటలు, అంటే పది రోజులు. తిరిగొచ్చాక ఆ జమ ఉన్నంతవరకు శత్రువుల్ని చంపితే అనుభవం రెట్టింపు. సత్రం బయట, అడవిలో లాగౌట్ అయితే అదే జమకు 40 రోజులు.

తొమ్మిదిమంది సంగతి

ఇక మా మేనల్లుడి రకం ఆట. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. రాత్రి పడుకున్నవాడి వల్ల వాడి ఊరే పోతుంది. మ్యాచ్ మధ్యలో నిలబడిపోయినవాడి వల్ల పక్కవాళ్ల ఆట పోతుంది. ఐదుగురిలో ఒకడు తగ్గితే జట్టు బలంలో 20 శాతం పోయినట్టు. ఏడుగురి కబడ్డీలో ఒకడు తగ్గితే 14, పదకొండుమంది ఫుట్‌బాల్‌లో 9.

ఒక్కొక్కరూ నూటికి ఒక్క మ్యాచ్‌లో మాత్రమే ఇలా నిలిచిపోతారనుకుందాం. గ్యాస్, కరెంటు, అమ్మ పిలుపు అన్నీ కలిపి ఒక్క శాతం. పదిమంది ఆడే మ్యాచ్‌లో కనీసం ఒకరు నిలిచిపోయే అవకాశం 9.6 శాతం. దాదాపు పది మ్యాచ్‌లకొకటి చెడుతుంది. ఒక్క శాతం రెండు శాతమైతే ఇది 18 దాటుతుంది. ఎవరికి వాళ్లు "నేనెప్పుడో ఒకసారి లేచాను" అనుకుంటారు, అది నిజమే. పదిమంది ఎప్పుడో ఒకసారులు కలిస్తే దాదాపు పదింట ఒక మ్యాచ్ పాడు.

అందుకే ఈ ఆటలు నిలిచిపోయినవాణ్ని కాకుండా మిగతా తొమ్మిదిమందిని కాపాడతాయి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో 2016లో వచ్చిన నిబంధన ప్రకారం, మొదట్లోనే ఎవరైనా 90 సెకన్లు లేకపోతే మూడో నిమిషానికి జట్టు ఓటు వేసి ఆటను రద్దు చేయొచ్చు. మన పిల్లల భాషలో 'తూచ్'. మిగతావాళ్ల ఖాతాలో ఓటమి పడదు, లేనివాడి ఖాతాలో పడుతుంది. డోటా 2లో 5 నిమిషాలు కనెక్షన్ లేకపోయినా, కనెక్షన్ ఉండి 5 నిమిషాలపాటు అనుభవ పాయింట్లేమీ రాకపోయినా ఆటను వదిలేసినట్టే లెక్క. ఈ రెండో షరతు తెలివైనది. మనిషి ఉన్నాడా అని చూడదు, ఆడుతున్నాడా అని చూస్తుంది. ప్రో కబడ్డీలో వరుసగా రెండు ఖాళీ రైడ్‌లైతే మూడోది 'డూ ఆర్ డై' అయినట్టు.

శిక్ష ఎంత? కౌంటర్ స్ట్రైక్ మెట్లు ప్రసిద్ధం: మొదటిసారి 30 నిమిషాలు, తర్వాత 2 గంటలు, 24 గంటలు, 7 రోజులు. మొదటి మెట్టుకి చివరి మెట్టు 336 రెట్లు. ఇంత నిటారుగా ఎందుకంటే, సర్వర్‌కి సిలిండర్ కనపడదు. దానికి తెలిసిందల్లా లెక్కపెట్టడం. వారానికి 20 మ్యాచ్‌లు ఆడే ఇద్దర్ని తీసుకోండి. ఒకడు నిజమైన అవసరాలతో నూటికి ఒకటి వదిలేవాడు. ఇంకొకడు ఓడిపోతున్నామనగానే ఫోన్ పక్కన పడేసే బాపతు, నూటికి పది. ఒక్కసారికే గట్టిగా శిక్షిస్తే వారంలో మొదటివాడు చిక్కే అవకాశం 18 శాతం, రెండోవాడు 88. తప్పులేనివాళ్లు అయిదారుగురిలో ఒకరు బలి. అదే వారంలో మూడుసార్లు జరిగితేనే గట్టి శిక్ష అంటే, మొదటివాడు చిక్కేది వెయ్యిలో ఒక్కసారి. రెండోవాడు నూటికి 32 సార్లు. కారణం అడగకుండానే కారణం తెలిసిపోతుంది. కాబట్టి మొదటి మెట్టు దాదాపు నొప్పి తెలియనంత తక్కువగా ఉండాలి. చాలా మొబైల్ ఆటలు ఇక్కడ తప్పుతున్నాయని నా అభిప్రాయం. మొదటిసారికే మర్యాద పాయింట్లు కోసేసి, వాటిని మళ్లీ సంపాదించుకోమంటాయి.

పేకాటలో ఈ సంగతి మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. రమ్మీలో ముందే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, ఫుల్ కౌంట్ 80. డబ్బు ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసేదాకా నడిచిన చాలా రమ్మీ యాప్‌లలో, వరుసగా మూడు టర్నులు తప్పినవాణ్ని మిడిల్ డ్రాప్ కింద జమకట్టేవారు. 40 పాయింట్లు. ముందే తప్పుకున్నవాడితో సమానం కాదు, 80కి మునిగిపోనూ ఇవ్వలేదు. మిగతావాళ్లు వాడి కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు.

మైన్‌క్రాఫ్ట్‌లో కాచుకునే కూర్చునేవాళ్లు. రాత్రి గడవాలంటే సర్వర్‌లో ఉన్నవాళ్లందరూ మంచమెక్కాలి. ఒకడు ఎక్కడో గుహలో నిలబడి టీ తాగడానికి వెళ్తే అందరికీ చీకటే. 2021లో 1.17 వెర్షన్‌తో ఎంత శాతం మంది పడుకుంటే తెల్లవారాలో నిర్ణయించుకునే వీలొచ్చింది. 50 పెడితే పదిమందిలో అయిదుగురు చాలు.

నిలబడి తినేవాళ్లు

మిగిలింది మూడో రకం. వీళ్ల మీద నాకు జాలి లేదు. టీమ్ ఫోర్ట్రెస్ 2లో 2009లో, ఆడిన సమయాన్నిబట్టి వస్తువులు రాలే పద్ధతి పెట్టారు. వెంటనే, ఆడకుండానే ఆడుతున్నట్టు సర్వర్‌ను నమ్మించే బయటి ప్రోగ్రాములు పుట్టాయి. అదే ఏడాది సెప్టెంబరులో, ఆట తయారుచేసిన వాల్వ్ కంపెనీ అలా సంపాదించిన వస్తువులన్నీ వెనక్కి తీసేసుకుంది. దొరికినవాళ్లు 4.5 శాతం. మిగతా 95.5 శాతం మందికి తల మీద తేలే ఒక కాంతివలయం కానుకగా ఇచ్చింది. దాని పేరు 'చీటర్స్ లామెంట్', అంటే దొంగాటగాడి ఏడుపు. నిషేధం లేదు, ఉపన్యాసం లేదు. సంపాదన పోయింది, అందరి తలల మీదా ఆ వలయం వెలుగుతుంటే వీళ్ల తలలు బోడిగా మిగిలాయి.

ఈవ్ ఆన్‌లైన్‌లో కంపెనీ చేయని ఈ పనిని ఆటగాళ్లే నెత్తినేసుకున్నారు. 0.5 నుంచి 1.0 భద్రత ఉన్న ప్రాంతాల్లో తుపాకి పేలిస్తే కాంకార్డ్ అనే పోలీసులొచ్చి పేల్చినవాడి ఓడను తప్పకుండా ధ్వంసం చేస్తారు. ఇదీ రస్ట్ గోడలాంటిదే, దాడికి ఖరీదు కట్టడం. ఆ ధైర్యంతో కొందరు గనుల ఓడను గ్రహశకలం ముందు నిలబెట్టి సినిమా చూసుకునేవాళ్లు. జేమ్స్ 315 అనే మారుపేరుతో ఒకతను, తానే ఈ ప్రాంతానికి రక్షకుణ్నని ప్రకటించుకుని ఒక చట్టం రాశాడు. కీబోర్డు దగ్గర లేకుండా గని తవ్వకూడదు. తవ్వాలంటే ఏడాదికి కోటి ఇస్క్ (ఆ ఆటలోని డబ్బు) కట్టి పర్మిట్ తీసుకోవాలి. కట్టనివాళ్ల ఖరీదైన ఓడల మీదికి చవక ఓడలతో పడేవాళ్లు. తమ ఓడ పోతుందని తెలిసే వచ్చేవాళ్లు. పలకరిస్తే జవాబివ్వనివాడు మనిషి కాదు, బాట్ కిందే లెక్క అనేది వాళ్ల వాదన. రౌడీ మామూలుకీ దీనికీ తేడా ఏమిటని తిట్టినవాళ్లూ ఉన్నారు, పర్మిట్లు కొన్నవాళ్లూ ఉన్నారు.

నా తూకం మాత్రం ఒకటే. లేనని చెప్పి వెళ్లినవాడికి గోడ కట్టండి, ఆ గోడ వెనక గని ఆపేయండి. ఉన్నానని చెప్పి లేనివాడి విషయంలో పక్కవాళ్లను ముందు చూడండి.

ఇదంతా మేనల్లుడికి ఫోన్‌లో చెప్పబోయాను. 18 శాతం, 32 శాతం అంటుండగానే "మామయ్యా, నాకు మ్యాచ్ మొదలవుతోంది" అన్నాడు. మరి గ్యాస్ వస్తేనో అన్నాను. ఏజెన్సీకి వెళ్లి నెంబరు మార్పించాడట. ఓటీపీ ఇప్పుడు అక్కయ్య ఫోన్‌కి వస్తోంది. అక్కయ్య టీవీలో సీరియల్ చూస్తుంటే సిలిండర్ అతను గుమ్మంలో నిలబడి ఉంటున్నాడట.